పావలా బరువు

వేణుగోపాల్‌కు బాలరాజ్ మీద కోపం లేదు. కోపమే అయితే ఒక పూటలో చల్లారేది.

దబీర్‌పురాలోని వేణుగోపాల్ ఇంట్లో ఆదివారం పొద్దున స్నేహితులు చేరి పాత రికార్డులు వినడం ఏళ్లనాటి అలవాటు. భార్య శారదమ్మ పోయాక ఆ ఇంటికి మిగిలిన సందడి అదొక్కటే. మొన్న దసరాకు బాలరాజ్ రికార్డులు తిప్పే ఖరీదైన టర్న్‌టేబుల్ కొన్నాడు. బాలరాజ్‌ది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. అప్పటినుంచి ఆదివారాలు అతనింటికి మళ్లాయి.

"గిన్నెలమ్మేటోడు, పళ్లెం బరువు చూసి కొనుంటడు," అని వేణుగోపాల్ ఒంటరిగా గొణుక్కునేవాడు.

తనూ ఒకటి కొని ఆదివారాలను వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాడు. టర్న్‌టేబుళ్లమ్మే దుకాణంలో రెండు రకాలను పక్కపక్కన పెట్టి వినిపించారు. బెల్టుతో తిరిగే దానిలో గొంతు మెత్తగా, చెవి పక్కనే పాడినట్టుంది. మోటారే నేరుగా తిప్పే దానిలో తబలా దెబ్బ గుండెకు తగిలింది.

"ఏది నచ్చింది సార్? సూది మాత్రం తాకకండి. దాని కాడ వెంట్రుకంత సన్నం, ఇట్టే వంగిపోతుంది," అన్నాడు దుకాణంవాడు.

బాలరాజ్ దానికంటే ఏది గొప్పదని అడగలేక, "ఆలోచించి చెప్త" అని వచ్చేశాడు.

బాలరాజ్ దానిలో లోపమేదో తెలిస్తే ఎంపిక సులువు. ఆ ఆదివారం శారదమ్మకు ఇష్టమైన భజనల రికార్డు చంకన పెట్టుకుని అతనింటికి వెళ్లాడు. దానిమీద ఒక గీత ఉంది. తనింట్లోని పాత ప్లేయర్ సూది అక్కడికి రాగానే వెనక్కి గెంతి, అదే మాట మళ్లీ మళ్లీ పలికేది. అందుకే పాట ఆ చోటికి చేరబోతుండగా శారదమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, సూది పైన బరువుకు పావలా బిళ్ల పెట్టేది. ఆమె పోయాక ఆ పని స్నేహితుల్లో పెద్దవాడైన ఆగయ్యది. బిళ్ల అతని జేబులోనే ఉంటుంది.

ఇక్కడ గెంతాలి. అందరి ముందూ గెంతాలి.

"రా అన్నా! నువ్వు లేకుంటే దీన్ని సక్కగ వినేటోడే లేడు," అని బాలరాజ్ ఎదురొచ్చాడు. ఆ మంచితనం మరీ మండించింది.

పాట మొదలైంది. బాలరాజ్ కళ్లు మూసుకున్నాడు. గీత దగ్గరపడుతుండగా ఆగయ్య అలవాటుగా లేచాడు. వేళ్ల మధ్య పావలా. అలాగే వంగాడు సూది మీదికి.

చూసింది వేణుగోపాల్ ఒక్కడే. ఊరికే కూర్చుంటే చాలు, ఆ సన్నని కాడ వంగిపోతుంది. 'నేనేం చేయలే, ఆగయ్య చేసిండు' అన్న మాట నోట్లో తయారుగా ఉంది. బిళ్ల కిందికి దిగుతోంది. దాన్ని అంచులు పట్టుకుని, చిటికెనవేలు పైకెత్తి... అచ్చం శారదమ్మ పట్టుకున్నట్టే.

వేణుగోపాల్ చటుక్కున ఆగయ్య మణికట్టు పట్టేసుకున్నాడు.

"వద్దు ఆగన్నా. దీనికి అక్కర్లే."

సూది చిన్నగా చిటుక్కుమని గీత దాటింది. శారదమ్మ పాట పరాయి ఇంట్లో నిండుగా సాగిపోయింది. వేణుగోపాల్‌కు మళ్లీ మండింది. కాని ఈ ఒక్కసారి ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి రానక్కర్లేకపోయింది.

కళ్లు తెరిచిన బాలరాజ్‌కు పావలా కనబడి ముఖం పాలిపోయింది. "ఆగయ్యా! కొంప ముంచుతుంటివి గదయ్యా!"

"ఏంది లొల్లి? శారదమ్మ పని జేస్తున్న," అన్నాడు ఆగయ్య, అమాయకంగా.

బాలరాజ్ ఆ పావలా వంక చూశాడు. తర్వాత నవ్వాడు. "వేణన్నా, వచ్చే ఆదివారం మీ ఇంట్లనే. ఈడ ఆగయ్యకు పని లేదు, నా సూదికి భద్రం లేదు."

"రాండ్రి. చాయ్ నేనే పెడ్త."

లేస్తూ లేస్తూ వేణుగోపాల్ ఆ టర్న్‌టేబుల్ పళ్లెం మందాన్ని మరోసారి కళ్లతో కొలిచాడు. ఏది కావాలో చెప్పడానికి దుకాణానికి మాత్రం ఫోన్ చేయలేదు.