నేనిత వేలు అందని మెట్టు

పియానో మూత మీది నూనె మరకలు సబ్బు గుడ్డతో రుద్దుతున్నాను. మా ఇలోయిలో ఊళ్ళో మనిషి పోయిన ఇంట్లో ఏడాది పాటు సంగీతం వినిపించకూడదు. ఆ ఏడాదిలో అత్తయ్య పియానోని వంటపాత్రలు దించుకునే బల్ల చేసేసింది. ఇవాళ్టితో సంతాపం తీరుతుంది. ప్రార్థన అయ్యాక నేను నల్లగౌను విప్పి రంగుది వేసుకోవాలి, వచ్చినవాళ్ళకి వడ్డించాలి. పొద్దున్నే లేచి సేమ్యా వండాను, కొబ్బరిపాలలో బియ్యం ఉడికించి తీపి చేశాను.

"చాల్లే అమ్మాయ్, అద్దంలా మెరిస్తే పిల్ల తిరిగొస్తుందా?" అంటూ అత్తయ్య నా భుజం మీద పసుపు గౌను పడేసింది.

నిరుడు పాప శవపేటిక పక్కన నిలబడి కూడా ఆవిడ ఇదే గొంతుతో అంది, "ఊరి పిల్లలందరికీ పాఠాలు చెబుతుంది, సొంత పిల్ల ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంటే తెలియలేదు." ఆ రోజు నేను బడిలో ఉన్నాను. ఇంట్లో ఉన్నది నా భర్త ఎఫ్రెన్. పెరట్లో పందెం కోళ్ళకి ఒళ్ళు నిమురుతున్నాడు. మా పాప నేనిత నాన్నా నాన్నా అని పిలవడం పక్కింటావిడకి వినిపించిందట. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ప్రార్థన అయింది. పసుపు గౌను వేసుకున్నాను. అందరూ తింటుంటే ఎఫ్రెన్ పిన్ని ఫెలీసా అడిగింది, "ఆ వాల్ట్జ్ పాట వాయించు సలోమీ, ఈ ఇంటికి మళ్ళీ ప్రాణం వస్తుంది."

"వాయించు," అన్నాడు ఎఫ్రెన్, నా వైపు చూడకుండా. "లేకపోతే నేనేదో ఆపానంటారు."

అది మా అమ్మ నాకు నేర్పింది, నేను నేనితకి నేర్పాను. రెండో భాగంలో రాగం కిందికి దిగేచోట ఒక నల్ల మెట్టు ఉంది. నేనిత చిటికెన వేలు అక్కడిదాకా సాగేది కాదు. పక్కనున్న తెల్ల మెట్టు మీద పడేది. "అయ్యో, జారింది!" అని నవ్వి, ఆగకుండా వాయించుకుపోయేది. రోజూ సాయంత్రం, ఇదే గదిలో, ఎఫ్రెన్ కూర్చునే ఈ కుర్చీకి చేతికందే దూరంలో.

వాయించాను. ఆ చోటు వచ్చింది. నా వేలు నల్ల మెట్టుకి సులువుగా అందుతుంది. తెల్ల మెట్టు నొక్కాను, నేనిత నొక్కినట్టే. ఒక్క క్షణం నా పిల్ల ఆ గదిలో ఉంది. ఎవరైనా తలెత్తుతారని చూశాను.

"పంతులమ్మ గారు మర్చిపోయారు!" అని అత్తయ్య నవ్వింది. అందరూ నవ్వారు.

మళ్ళీ మొదటి నుంచి వాయించాను. మళ్ళీ తెల్ల మెట్టే.

"అక్కడ తప్పుతోంది," అన్నాడు ఎఫ్రెన్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "ఇదివరకెప్పుడూ ఇలా తప్పలేదే."

ఈయన చీకట్లో కూత విని అది ఏ కోడో చెప్పగలడు.

పియానో మూత వేశాను. లోపలికి వెళ్ళి పసుపు గౌను విప్పి మడతపెట్టాను. మాసిన బట్టల్లోంచి నల్లగౌను తీసి వేసుకుని బయటికి వచ్చి, ఖాళీ అయిన పళ్ళేలు తీయడం మొదలుపెట్టాను.

"ఇదేం అపశకునం?" అత్తయ్య గొంతు లేచింది. "ఏడాది తీరిందిగా!"

ఎఫ్రెన్ పళ్ళెం అందుకుంటూ ఆయన మొహంలోకి చూశాను. "పాప సంతాపం తీరింది అత్తయ్యా. మీ అబ్బాయిది ఇవాళే మొదలు."