నల్లద్దాల వెనక భద్రం

రత్నం రంగు లాగుతోంది. చెక్క చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డ మీద ఒక కొసన నారింజరంగు పోసి, రబ్బరు పట్టీని రెండు చేతులా అదిమి తనవైపుకు లాక్కుంటే కింద ఉన్న తెల్లకాగితం మీద చొక్కా బొమ్మ పడాలి, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే అది, కాని ఇవాళ ఎంత లాగినా పట్టీ ఈ కొసకు రావడం లేదు, ఆమె వెనక్కి నడుస్తున్నకొద్దీ బల్ల కూడా ఆమెతోపాటు సాగుతోంది, గోడలు ఉండాల్సిన చోట ఎర్రా పసుపూ చారల షామియానా గుడ్డలు గాలికి ఉబ్బుతున్నాయి, ఆ గుడ్డల అవతల ఎక్కడో మైకు గరగరమంటోంది. బల్లకు అటు చివర, ప్లాస్టిక్ కుర్చీలో, ఆమె అన్న భద్రం కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముఖానికి మేకప్పు, మెడలో పట్టు రుమాలు, కళ్ళకు నల్లద్దాలు.

అతను చనిపోయి ఏడాది దాటింది. ఆ సంగతి రత్నానికి ఇక్కడ కూడా తెలుసు. తెలిసే ఆ మాటను నాలుక కింద దాచుకుని ఉంది, పొరపాటున పైకి అంటే కుర్చీ ఖాళీ అయిపోతుందని.

"అయ్యిందా?" అంటున్నాడు భద్రం. "కాలు తిమ్మిరెక్కేత్తంది."

"కదలకు. కాసేపు."

"ఇందాకణ్ణించీ కాసేపే అంటన్నావు. అవతల నా పాట ఒచ్చే టైమయ్యింది."

భద్రం ఒక సినిమా హీరోకి డూపు. సినిమాల్లో డూపు కాడు, బయట డూపు. కుర్రతనంలో కాకినాడ బస్టాండులో జనం ఆ హీరోనే అనుకుని వెంటపడినప్పటి నుంచీ అతని బతుకు ఆ పోలిక మీదే నడిచింది. జాతరల్లో, పెళ్ళి రిసెప్షన్లలో, బట్టలకొట్ల ప్రారంభాల్లో ఆ హీరోలా నడిచి, ఆ హీరోలా చెయ్యి విసిరి, ఆ పాటలకు ఆడేవాడు. ఇద్దరి ముఖాలకూ ఉన్న తేడా అల్లా కళ్ళ దగ్గరే. అందుకే నల్లద్దాలు. అవి పెట్టుకోకుండా గడప దాటి ఎరగడు.

రత్నం అలాంటి మనుషుల బొమ్మలే వేసి పేరు తెచ్చుకుంది. వాల్‌పోస్టరులా కొట్టొచ్చే రంగులు, నీడలు లేని ముఖాలు, ఒక్కో రంగుకు ఒక్కో జాలీ తెర. ఒక బొమ్మకు ముప్ఫై ప్రింట్లు మాత్రమే లాగి, ఒక్కోదాని కింద పెన్సిలుతో నంబరు వేసి సంతకం పెట్టి, ఆ తర్వాత తెర కడిగేస్తుంది. ఇక ముప్ఫై ఒకటోది ఈ లోకంలో ఉండదు. అన్నిటికన్నా ముందు వేసింది భద్రాన్నే. గులాబీరంగు ముఖం, నారింజ చొక్కా, నల్లద్దాల్లో మెరుపుకు రెండు తెల్లచుక్కలు. ఆ ముప్ఫై భద్రాలూ హైదరాబాదు ఇళ్ళలో, హోటళ్ళలో గోడల మీద ఉన్నారు. చూసినవాళ్ళందరూ హీరో అనే అనుకుంటారు.

ఇప్పుడు లాగుతున్నది ఇంకో బొమ్మ. నల్లద్దాలు లేని భద్రం. అతను బతికుండగా ఎన్నిసార్లు అడిగినా కూర్చోలేదు, నవ్వి తప్పించుకునేవాడు. అతను పోయాక రత్నం మొదలుపెట్టింది. చొక్కా తెర తయారైంది, జుట్టు తెర తయారైంది, పెదవుల తెర తయారైంది. కళ్ళు ఉండాల్సిన చోట కాగితం కాగితంలాగే మిగిలిపోయి నెలలు గడిచాయి. హైదరాబాదులో ప్రదర్శన పెట్టేవాళ్ళు ఫోను చేసినప్పుడల్లా ఆరుతోందండీ అని చెబుతోంది.

షామియానా బయట హారన్ మోగుతోంది.

రత్నం చేతిలో పట్టీ ఆగిపోతుంది. ఆ హారన్ ఆమెకు తెలుసు. బొబ్బిలి వైపు ప్రోగ్రాం చేసుకుని ట్రూపు మొత్తం తిరిగొస్తుండగా హైవే మీద ఆగి ఉన్న లారీ కిందకు దూరిపోయిన తెల్ల వ్యాను అది. ఇప్పుడు గుడ్డ అవతల ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, దాని దీపాల వెలుగు చారల గుడ్డలోంచి లోపలికి కారి నేల మీద రంగులా పాకుతోంది.

"బండోడు పిలుత్తన్నాడు," అని భద్రం కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి లేవబోతాడు.

"కూర్చో అన్నయ్యా. చొక్కా ఒక్కటీ పడనీ."

"చొక్కా పడితే పేంటంటావు."

"పేంటు లేదు. నడుము దాకానే."

"హమ్మయ్య," అని అతను మళ్ళీ వెనక్కి వాలతాడు, రత్నానికి ఊపిరి ఆడుతుంది. ఇతన్ని ఎలాగైనా కూర్చోబెట్టాలి, బొమ్మ పూర్తి కానంతసేపూ లేవడు, అన్న ఎన్నో తప్పులు చేసుంటాడు గాని చెల్లెలి పనిని మధ్యలో వదిలి ఎప్పుడూ పోలేదు, అందుకని ఆమె నారింజరంగు డబ్బాను మోచేత్తో తోసేస్తుంది, అయ్యో ఒలికిపోయింది మళ్ళీ కలపాలి అంటుంది, కలిపిన రంగు చిక్కగా ఉందంటుంది, పలచనైపోయిందంటుంది, జాలీ పూడిపోయిందంటుంది. ప్రతి అబద్ధానికీ బల్ల ఇంకొంచెం పొడవవుతుంది, అన్న ఇంకొంచెం దూరమవుతాడు, ఆమె ఇంకొంచెం గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. హారన్ మళ్ళీ మోగుతుంది, ఈసారి దగ్గరగా, గుడ్డకు ఆనుకునే ఉన్నట్టు.

భద్రం చుట్టూ చూస్తున్నాడు. ఇందాక ఒక్కటే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు ఇప్పుడు వరసలు వరసలుగా ఉన్నాయి. ఇది రత్నం పని చేసుకునే షెడ్డూ కాదు, స్టేజీ వెనకా కాదు, భద్రం ఇంటి ముందర వీధిలో టెంటు వేసినట్టు ఉంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ ఒళ్ళో చామంతి దండలున్నాయి.

"ఈ దండలు స్టేజీ మీదకేనా?" అంటాడు.

రత్నం తల వంచుకుని రంగు కలుపుతూనే ఉంటుంది.

"నిన్నేనే అడుగుతన్నాను."

"నాకు తెలీదు."

"నాకు ఈ అద్దాలెవరు పెట్టారు?"

రత్నం రంగు కలపడం ఆపుతుంది. "మీ ట్రూపులో మిగిలినవాళ్ళు. సింహాద్రి తెచ్చి పెట్టాడు. దెబ్బ తగిలింది కదా... జనం చూట్టానికొత్తారు, బాగుండదన్నారు."

"మీ వదినేమంది?"

"వదిన తియ్యమంది. ఒక్కసారి తియ్యండి, నేను చూసుకోవాలంది. పెద్దోళ్ళు పడనివ్వలేదు."

"మంగతాయారు అడిగిందా," అంటాడు భద్రం, భార్య పేరును నోట్లో కాసేపు ఉంచుకుని. "ఇంట్లో తీసేవోణ్ణి, దాని ముందర. అదొక్కత్తే చూసింది." రత్నం వైపు తిరుగుతాడు. "నువ్వో?"

"నేనొచ్చేటప్పటికి నీ చుట్టూతా ఫోన్లే. అందరూ ఫోటోలు తీసుకుంటన్నారు. హీరో పోయినట్టే తీసుకున్నారు."

అతను నవ్వుతాడు. ఆ నవ్వు కూడా హీరోదే, పెదవి ఒక పక్కకు లాగి. రత్నానికి ఒక్కసారిగా కోపం వస్తుంది, చనిపోయాక కూడా ఈ మనిషి ఆ నవ్వును వదలలేదని.

షామియానాకు కట్టిన తాళ్ళ మీద ప్రింట్లు ఆరేసి ఉన్నాయి. అవి ఎప్పుడు లాగిందో ఆమెకు గుర్తు లేదు. అన్నిటిలోనూ భద్రమే, అన్నిటిలోనూ కళ్ళ దగ్గర తెల్లటి ఖాళీలే, గాలి వీచినప్పుడల్లా అన్నీ కలిసి వ్యాను వైపుకు తిరుగుతున్నాయి.

"ఎన్నున్నాను?" అని అడుగుతాడు.

"ముప్ఫై."

"ఆ పైన?"

"వెయ్యను. తెర కడిగేత్తాను."

"కడిగేసాకా?"

"ఇంక ఎవరూ లాగలేరు. నేను కూడా."

భద్రం నెమ్మదిగా తల ఊపుతాడు. "అదన్నమాట. అందుకని నాన్చుతున్నావు."

"కళ్ళు రావట్లేదన్నయ్యా."

"రావట్లేదా, రానివ్వట్లేదా?"

ఆమె పట్టీని బల్ల మీద పడేస్తుంది. "నాకు గుర్తు లేవు. నిజంగానే గుర్తు లేవు. ఆధార్ కార్డులో చూశాను, మీ పెళ్ళి ఆల్బం తెప్పించుకుని చూశాను. వాటిల్లో కళ్ళున్నాయి గానీ నువ్వు లేవు. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒక కంచంలో తిన్నాం, నీ కళ్ళెలా ఉంటాయంటే చెప్పలేకపోతున్నాను. ఎన్నిసార్లడిగాను నిన్ను, ఒక్కసారి తీసి కూర్చోమని. ఎందుకు కూర్చోలేదు?"

హారన్ ఆగకుండా మోగుతోంది. మైకులో ఎవరో భద్రంగారూ బండి రెడీ అండీ, భద్రంగారూ బండి రెడీ అండీ అంటున్నారు. కుర్చీల్లో వాళ్ళు దండలు పట్టుకుని లేచి నిలబడుతున్నారు.

"భయవేసింది," అంటాడు భద్రం. హీరో గొంతు పోయి, గోదారి గట్టున చెరుకుముక్కలు నవులుతూ కబుర్లు చెప్పిన గొంతు వస్తుంది. "నువ్వు బాగా చూత్తావే. అందరూ హీరోని చూత్తారు, నువ్వు మనిషిని చూత్తావు. అద్దాలు తీసి నీ ముందర కూకుంటే నాలో ఏవీ లేదని నీకు తెలిసిపోద్దని. జనం ఈలేసింది నన్ను చూసి కాదుగా. నేను కాపీని. నువ్వేవో కాపీకి కాపీలు తీసి, మళ్ళా వాటికి నంబర్లేసి, అద్దాలు కట్టించి..."

"ఆ మొదటి బొమ్మకి 'డూపు నంబర్ ఒకటి' అని పేరు పెట్టాను. నీకు కోపమొచ్చిందా?"

"కోపవా? బతుకులో నన్ను నంబర్ ఒకటి అన్నదెవరే, నువ్వు తప్ప."

అతను లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో ఆమె చూడలేదు. బల్ల లేదు, దూరం లేదు, అతని మణికట్టు ఆమె చేతిలో ఉంది, రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతోంది, ఇందాక రబ్బరు పట్టీని లాగినట్టే ఒంటి బరువంతా వేసి లాగుతోంది, అయినా ఇద్దరూ కలిసి వ్యాను దీపాల వైపుకే జారిపోతున్నారు, అరికాళ్ళ కింద నేల తడిరంగులా జారుతోంది. గుడ్డ తొలగింది. వ్యాను తలుపు తెరిచి ఉంది. లోపల హార్మోనియం పెట్టె పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంది.

ఇక దాచుకోవడం ఆమె వల్ల కాదు.

"అన్నయ్యా, నువ్వు చచ్చిపోయావు."

హారన్ ఆగిపోతుంది. కుర్చీల వరసలో ఎవరూ కదలరు. మాట పైకి వచ్చేసింది, ఇప్పుడు చేతిలో మణికట్టు ఉండదు, గాలి ఉంటుంది అనుకుని రత్నం కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. కాని మణికట్టు ఉంది. వెచ్చగానే ఉంది.

"తెలుసులేవే," అంటాడు భద్రం. "నువ్వు చెప్తావేమోనని కూకున్నాను."

తర్వాత తన చెయ్యి ఆమె చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుని, నల్లద్దాలు తీసేస్తాడు.

రత్నం ముందుగా చూసింది కళ్ళను కాదు. ముక్కుకు అటొకటీ ఇటొకటీ, అద్దాల చట్రం ఇన్నేళ్ళూ నొక్కీ నొక్కీ పడ్డ రెండు చిన్న గుంటలు. ముఖమంతా గులాబీరంగు మేకప్పు ఉన్నా ఆ రెండు గుంటల్లోకి అది చేరలేదు. అక్కడ మాత్రం భద్రం ఒంటిరంగు ఉంది, ఎండకు కమిలిన చామనఛాయ, వాళ్ళ నాన్నది, ఆమెది. ఆ గుంటలకు పైన, చీకట్లోంచి ఎవరో బయటికి పిలిచినట్టు, రెండు చిన్న కళ్ళు వెలుగును తట్టుకోలేక రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఎడమది కుడిదాని కంటే కాస్త మూసుకున్నట్టు ఉంది. రెంటిలోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఏడుపుకో, వెలుగుకో తెలియదు.

"చింతపిక్కలు," అంటాడు సిగ్గుపడుతూ. "అమ్మ అనేది, గుర్తుందా?"

ఆమె తల ఊపుతుంది.

"చూసుకో. ఎంతసేపైనా చూసుకో గానీ, కదలొద్దని మాత్రం అనకు."

ఆమె అనదు. అతను అలా అద్దాలు లేకుండానే, ఎవరిలాగానూ కాని మామూలు నడకతో, ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ వెళ్ళి వ్యాను ఎక్కుతాడు, సీట్లో సర్దుకుని కూర్చుంటాడు, తలుపు జరిపే చప్పుడు పెద్దగా, ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు...

షెడ్డు షట్టరు ఎవరో పైకి ఎత్తుతున్నారు. రత్నం బల్ల మీద నుంచి తల ఎత్తుతుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చి కాళ్ళ మీద పడుతోంది. కరెంటు లేదు, ఫాను ఆగి ఉంది, చెంప కింద ఉన్న కాగితం చెమటకు అతుక్కుని వస్తోంది.

"పడుకున్నావా రత్నం?" గుమ్మంలో మంగతాయారు, కేరియరు పట్టుకుని. "లేపేశానా? తలకింద చెయ్యైనా పెట్టుకోకుండా, కళ్ళజోడుతోటే పడుకున్నావు, విరిగిపోదూ?"

"లేదొదినా. పర్లేదు."

రత్నం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ముఖం తుడుచుకుంటుంది. ముక్కు దగ్గర వేళ్ళు ఆగిపోతాయి. అటొకటీ ఇటొకటీ, రెండు చిన్న గుంటలు. లోతుగా, కొద్దిగా మండుతూ.

"ఏంటి, అలా చూత్తన్నావు?" అంటోంది మంగతాయారు.

"వదినా, అన్నయ్య ఎడమ కన్ను... కొంచెం చిన్నది కదూ?"

మంగతాయారు కేరియరును మెల్లగా కింద పెడుతుంది. "నువ్వెప్పుడు చూశావు?" అంటుంది.

వేలి కింద చర్మం మెల్లమెల్లగా పైకి లేస్తోంది. ఆ గుంట పూర్తిగా పూడుకుపోకముందే రత్నం ఒక చెయ్యి అక్కడే ఉంచుకుని, రెండో చేత్తో బల్ల మీద పెన్సిలు కోసం వెతుకుతోంది.