జంగమ్మకు చూపించని గిన్నె

నా క్లయింటు జంగమ్మ మొన్న తెచ్చిచ్చిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, గడ్డం గీసుకుంటున్న మా ఆయన ఫణి అద్దంలో చూస్తూనే అన్నాడు.

"ఆ జంగమ్మ మొగుడే కేసు వద్దంటుంటే మధ్యలో నీకెందుకు కిరణ్మయీ? ఆ డాక్టరుగారు మన బొంగులూరు కాలనీలోనే ఉంటారు. రేపు పిల్లలకి జ్వరమొస్తే ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?"

ఇంకో కాయ ఈనె లాగాను. పద్నాలుగేళ్లుగా నాది ఈ పనే. సాగర్ రోడ్డు మీద లారీ కింద నలిగిన కాళ్లు, ఇంజెక్షను వికటించి చచ్చుబడిన చేతులు. ఏ ఎముక విరిగితే మనిషికి ఏ పని ఆగిపోతుందో జడ్జిగారికి విడమరిచి చెప్పాలి. బిందె ఎత్తలేదని, బిడ్డను చంకనేసుకోలేదని, కింద కూర్చుంటే లేవలేదని. ఇబ్రహీంపట్నంలో నన్ను విరుగుళ్ల లాయరమ్మ అంటారు. మా అత్తగారు వెంకాయమ్మగారు మాత్రం ఇంటికొచ్చినవాళ్లతో "మా కోడలు కాలక్షేపానికి కోర్టుకెళ్తుంది" అంటుంది. ఆ కాలక్షేపానికి బయల్దేరే ముందు నాలుగు బాక్సులు కట్టాలి, ఆవిడ మోకాలికి కాపడం పెట్టాలి. ఊరందరి ఎముకల గురించి వాదించే నాకు, నా నడుం నొప్పి గురించి ఇంట్లో ఒక్కమాట అనడానికి ఎప్పుడూ సరైన సమయం దొరకదు.

జంగమ్మకు ముప్పైమూడేళ్లు. కడుపులో గడ్డ ఉందని ఇక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. గడ్డ ఒక్కటే తీస్తామన్నవాళ్లు గర్భసంచి కూడా తీసేశారు. బయట ఉన్న భర్త ఐలేష్ చేత సంతకం పెట్టించుకున్నారు. వినియోగదారుల కోర్టులో కేసు వేసినప్పుడు బిల్లు అతని పేరున ఉందని ఫిర్యాదుదారుగా అతన్నే పెట్టాను. వివరాలన్నీ అతనే చెప్పాడు. ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. ఇప్పుడు అతను రాజీ అంటున్నాడు. అతను వెనక్కి తీసుకుంటే ఈ కేసు పోయినట్టే. కొత్తగా వేయాలంటే రెండేళ్ల గడువులో పదకొండు రోజులే మిగిలాయి.

సగం కాయలు అలాగే వదిలేసి వెళ్లాను. జిరాక్సు షాపు పైనున్న నా ఆఫీసుకు ఇద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు.

"డాక్టరు సాబ్ మంచిగ మాట్లాడిండు మేడం," అన్నాడు ఐలేష్, నేల చూస్తూ. "కుర్చీ ఏసి కూసోబెట్టిండు. ఇగ లొల్లెందుకు?"

"కుర్చీ ఏస్తే కరిగిపోయిండు," అంది జంగమ్మ నాతో. "ఇంట్ల నేను రోజూ పీట ఏస్తున్న. ఎన్నడన్న కరిగిండా?"

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. నేను అతన్ని కిందికెళ్లి టీ తాగి రమ్మన్నాను. తలుపు దగ్గరగా వేసి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వేమంటావు జంగమ్మా? నీకూ రాజీ ఇష్టమేనా?"

ఆవిడ ఒళ్లోని సంచి పక్కన పెట్టింది.

"ఇప్పుడడుగుతున్నవా అక్కా? ఆడ డాక్టరు ఆయన్నే అడిగిండు. ఈడ నువ్వు గూడ ఆయన్నే అడిగినవ్. కోసింది నన్ను గద."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. భార్యను అడక్కుండా భర్త సంతకంతో కడుపు కోశారని ఆరు పేజీలు రాశాను. ఆ ఆరు పేజీల కింద నేనూ భర్త సంతకమే పెట్టించాను.

"తప్పు చేశాను జంగమ్మా," అన్నాను. "ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?"

చీర కుచ్చెళ్లు సర్దుకుంది. గొంతు తగ్గించింది.

"తీసినంక గిన్నెల పెట్టి బయటికి తెచ్చిన్రంట. ఆయనకు చూపించిన్రు. మా అత్తకు చూపించిన్రు. ఆటో తోలే మా మరిది గూడ సూశిండంట. నాకే చూపియ్యలే. నా ఇద్దరు పిల్లలు తొమ్మిది నెలలు పన్న జాగ అక్కా అది. ఒక్కపారి సూద్దును. నన్నెందుకు అడగలే, నాకెందుకు చూపియ్యలే అని ఆ డాక్టరును నా నోటితోని అడగాలె. గంతే."

మా బాబు జయకృష్ణ పుట్టినప్పుడు ఆపరేషనులోనే నాకు పిల్లలు పుట్టకుండా చేసేశారు. సంగతి మూడోరోజు తెలిసింది. "కొడుకు పుట్టాడుగా, రెండు పనులూ ఒక్కసారే అయిపోయాయి," అంది అత్తగారు, నా నుదుటి చెమట తుడుస్తూ. ప్రేమగానే తుడిచింది. అందుకే దానికి ఏ పేరు పెట్టాలో నాకు ఎనిమిదేళ్లుగా తెలియలేదు.

"కొత్త కేసు నీ పేరుతోనే వేద్దాం," అన్నాను. "కానీ సంతకం ఎవరు అడిగారో, ఏం చెప్పి పెట్టించారో ఐలేష్ వచ్చి చెప్పాల్సి ఉంటుంది."

"ఆయన్ని జైల్ల ఏస్తరా?"

"లేదు."

"గట్లయితె రాయి. ఆయన చెడ్డోడు గాదక్కా. తెల్లకోటు చూస్తే వణుకుతడు. నేను చెప్త తీయి."

కాగితం మొత్తం చదివి వినిపించాను. రెండుచోట్ల ఆపి దిద్దించింది. మహిళా సంఘంలో నేర్చుకున్న అక్షరాలతో, పెన్ను గట్టిగా ఒత్తి, తన పేరు రాసింది. ఐలేష్ తిరిగొచ్చి ఆ పేరు వంక చూశాడు. తెచ్చిన టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చిక్కుడుకాయలు నేను వదిలిన చోటే, వాడిపోయి ఉన్నాయి. ఫణి టీవీ ముందు ఉన్నాడు.

"రాజీ అయిపోయిందా?"

"ఐలేష్ రాజీ పడ్డాడు. జంగమ్మ ఇవాళే కేసు వేసింది."

"నీకు చెప్పి లాభం లేదు," అన్నాడు.

పళ్లెం తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి కూర్చున్నాను. ఓ గుప్పెడు కాయలు అతని వైపు జరిపాను. విచిత్రంగా చూసి, తీయడం మొదలుపెట్టాడు. ఈనెలు సరిగ్గా రావడం లేదు. ఎలా లాగాలో చూపించాను. అతని వేళ్లు చూస్తుంటే నా ఆపరేషను రోజు గుర్తొచ్చింది. నడుం కింద మొద్దుబారిపోయి, కళ్లముందు ఆకుపచ్చ గుడ్డ. తెర అవతల డాక్టరు గొంతు, "బయట అడిగారా?" నర్సు గొంతు, "అడిగామండీ, ఆయన సంతకం పెట్టారు." బాబు గురించేమో అనుకున్నాను.

"జయ పుట్టిన రోజున," అన్నాను మెల్లగా, "నేను మెలకువగానే ఉన్నాను ఫణీ. నన్ను అడిగితే చెప్పేదాన్ని."