కోతపండగలో అంబాసిడర్

మా రాజాం చర్చిలో కోతపండగ రోజు ఆరాధన అయ్యాక వేలంపాట ఉంటుంది. ఎవరి పంటలోంచి వాళ్ళు తెచ్చిన కానుకలు బల్ల మీద పెడతారు. సంఘం వాళ్ళే పాడుకుంటారు, వచ్చిన సొమ్ము చర్చికి పోతుంది. కొత్త బియ్యం, గుమ్మడికాయ, నాటుకోడి, ఏదైనా సరే. పంట లేనివాళ్ళు చేతిపని ఏదైనా తేవచ్చు. 2018లో నేనొక కారు పెట్టాను. నిజం కారు కాదు లెండి, నేను చేసినది. అసలు అంబాసిడర్‌ను పద్దెనిమిదో వంతుకు తగ్గిస్తే జానెడు పొడవు వస్తుంది. సరిగ్గా అంతే ఉంటుంది.

నా పేరు కృపానిధి. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ పట్టదు, ఎక్స్‌రే బాబు అంటారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఇన్నేళ్ళలో ఈ ఊరి జనం ఎముకలన్నీ చూశాను గానీ, ఏ ఇంట్లోనూ తీరిగ్గా కూర్చుని ఒక కప్పు టీ తాగిన పాపాన పోలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. చూసిన సంబంధాలు కుదరలేదు. తరవాత అమ్మ పోయింది, చూసేవాళ్ళు లేకపోయారు. డోలపేటలో మేడ మీద ఒక్క గది నాది. ఆ గది నిండా కార్లే.

వాటిని బొమ్మలంటే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మకు నాలుగు చక్రాలుంటే చాలు. నా కారుకు స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరగాలి, డిక్కీ ఎత్తితే లోపల స్టెప్నీ ఉండాలి. పీవీసీ పైపును నిలువునా కోసి, వేడిచేసి, చెక్క అచ్చు మీద గట్టిగా అదిమితే బానెట్టు వంపు వస్తుంది. సరిగ్గా రాకపోతే మళ్ళీ పైపు, మళ్ళీ స్టవ్వు, మళ్ళీ వేళ్ళు కాల్చుకోవడం. పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగితే నీలపు అద్దాలవుతాయి. మాత్రల అట్ట వెనక ఉండే వెండి రేకు బంపరుకు నికెల్ మెరుపునిస్తుంది. పుట్టీ పెట్టి, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, రంగు కొట్టి, నచ్చక ఆ రంగు గీకేసి మళ్ళీ కొడతాను. ఆదివారాలు అలాగే అయిపోతాయి. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతను అవన్నీ చూసి, "ఇయ్యి పరిగెడతాయా బాబూ?" అన్నాడు. పరిగెత్తవన్నాను. "మరెందుకూ?" అని బండ దింపి వెళ్ళిపోయాడు. నా గదిలోకి వచ్చి నా కార్లు చూసిన మనిషి అతనొక్కడే.

దాపరికం ఎందుకు, నా ఆశ చెప్పేస్తాను. నా కారొకటి ఎవరింట్లోనైనా ఉండాలి. ఉంటే, ఆ ఇంటికి వెళ్ళడానికి నాకొక పని ఉంటుంది. చక్రం వదులైందేమో చూద్దామని వచ్చానండీ అనొచ్చు. రంగు పొట్టు లేస్తోందేమో అనొచ్చు. పనేమీ లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం నాకు చేతకాదు. వేలంపాట ఆలోచన అందుకే వచ్చింది. పాడుకున్నవాళ్ళు ఇంటికి పట్టుకెళ్తారు కదా.

ఏ కారు చెయ్యాలో పెద్దగా ఆలోచించలేదు. దాలయ్య నడిపిన మీగడ రంగు అంబాసిడర్. కారు ఒక షావుకారుది, దాలయ్య డ్రైవరు. మా సంఘంలో పెళ్ళి అంటే ఆ కారు రావలసిందే. దాలయ్య పోయాక షావుకారు దాన్ని తుక్కు కింద అమ్మేశాడు. కొలతల కోసం పెళ్ళి ఆల్బములు చూడాలనుకున్నాను. ఆ వంకన నాలుగిళ్ళు తిరగొచ్చని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. ఒక ఇంటికి ఫోన్ చేసి ఆదివారం రానా అంటే, "అంత కష్టమెందుకు బ్రదర్, వాట్సాప్‌లో పంపీస్తాను" అన్నారు. అందరూ అదే మాట, అందరూ పంపారు. నా మేలు కోరే అలా చేశారు. ఆ ఫోటోలు నా గదిలోనే, నా మంచం మీదే కూర్చుని చూశాను. హెడ్‌లైటు ఎంత, గ్రిల్లు గీతల మధ్య సందు ఎంత, వెనక అద్దానికి కట్టిన లేసు తెర ఎంత కిందికి వేలాడుతుందో అన్నీ రాబట్టాను.

పాట నడిపేది ఎలీషా. ఆర్టీసీ కండక్టరు, మైకు అక్కర్లేని గొంతు. నా వంతు వచ్చేసరికి కారును రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుని, "సూడండర్రా, దాలయ్య అంబాసిడరు! ఇందుల ఎక్కని పెళ్ళికూతురు మన సంగంల ఉన్నాదా?" అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నవ్వులు లేచాయి. అసలు కారుకు ఎడమవైపు వెనక తలుపు గొళ్ళెం లోపలివైపు ఊడిపోయి ఉండేది. దాలయ్య దిగి వచ్చి బయటినుంచి తీస్తే తప్ప పెళ్ళికూతురు దిగలేదు. చూసేవాళ్ళు అదేదో గొప్ప మర్యాద అనుకునేవాళ్ళు. నా కారుకూ ఆ తలుపు అలాగే పెట్టాను. ఎలీషా గోటితో లాగి చూపిస్తే పెళ్ళయి ముగ్గురు పిల్లలున్నవాళ్ళు కూడా పిల్లల్లా నవ్వారు. నేను గోడకు ఆనుకుని నిలబడి తల దించుకున్నాను. ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

"నూటేబై," అంది వెనక చాప మీంచి ఒక గొంతు.

ఏసమ్మక్క. దాలయ్య భార్య. ఆయన పోయాక రైసుమిల్లులో కూలికి పోతోంది. అందరూ వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వారు. "ఏసమ్మ నూటేబై! దేవునికి స్తోత్రం!" అని అరిచాడు ఎలీషా.

రూబీ టీచరు అయిదొందలంది. ఏసమ్మక్క ఇంకో యాభై పెంచింది. బట్టలకొట్టు శాంతికుమార్ ఒక్కసారిగా వెయ్యి అన్నాడు. అక్కడినుంచి పాట టీచరుకూ శాంతికుమార్‌కూ మధ్యే నడిచింది. ఏసమ్మక్క సంగతి అందరూ మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను, నా కారు రేటు వినడంలో ఉన్నాను.

చివరికి రూబీ టీచరు గెలిచింది. వాళ్ళింట్లో అద్దాల బీరువా ఉందని విన్నాను. అందులో పై అరలో కారు, కింద సోఫాలో నేను, చేతిలో టీ. అంతవరకూ వెళ్ళిపోయాను. అప్పుడు టీచరు లేచి, "నాకొద్దులే ఎలీషా. మళ్ళీ పాటకి పెట్టు. దేవుని పనికి ఇంకో నాలుగు రూపాయలొస్తాయి" అంది.

చప్పట్లు మోగాయి. మా దగ్గర అది పాత అలవాటే. పాడుకున్న వస్తువును డబ్బు కట్టి తిరిగి ఇచ్చేస్తే ఇంకా గొప్ప. ఒక్క నిమ్మకాయ అలా ఎందరి చేతులో మారి చివరికి పచ్చడికి పోతుంది. నిమ్మకాయ అందరిళ్ళలోనూ ఉంటుంది కాబట్టి ఇచ్చేస్తారు, కారును ఎవడిస్తాడని అనుకున్నాను నేను. రెండోసారి శాంతికుమార్ ఇంకా పైకి పాడాడు. పాడి, చొక్కా సర్దుకుని, "మళ్ళీ పెట్టీయ్ రా" అన్నాడు. మూడోసారి రిటైరైన హెడ్మాస్టారు పాడి ఆయనా తిరిగి ఇచ్చేశారు. ప్రతిసారీ చప్పట్లు. ప్రతిసారీ అందరూ నావైపు తిరిగి నవ్వడం. వాళ్ళ మంచితనం చూస్తుంటే నాకు మండుకొచ్చింది. ఇంతమందికీ నా కారు మీద ప్రేమే, ఇంటికి మోసుకెళ్ళేవాడు మాత్రం ఒక్కడు లేడు.

ఆ కోపంలో తల ఎత్తితే ఏసమ్మక్క కనపడింది. పైటకొంగు విప్పి, నోట్లు మడత సరిచేసి, మళ్ళీ ముడి వేస్తోంది. ముడి వేశాక దాన్ని పంటితో బిగించింది. చెయ్యి దులుపుకుని లేచి, ఎవరినీ చూడకుండా చర్చి వెనక్కి వెళ్ళిపోయింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆ కారు నిజంగా కావాలనుకున్నది ఆమె ఒక్కతే. వద్దనుకున్నవాళ్ళంతా కలిసి దాన్ని ఆమెకు అందనంత ఎత్తుకు పాడేశారు.

నాలుగో పాట మొదలవగానే నేను నోరు తెరిచాను.

ఎలీషా పకపకా నవ్వాడు. "ఏటి బాబూ, నువ్వు కన్న గుంటని నువ్వే కొనుక్కుంటన్నావేటి?"

హాలంతా నవ్వింది. శాంతికుమార్ సరదాకి నా మీద పాడాడు. నేను పెంచాను. వాడు మళ్ళీ పాడాడు. నేను మళ్ళీ పెంచాను. నా ముఖంలో ఏం కనబడిందో, వాడి నవ్వు ఆగింది, ఊరుకున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయింది. సగం జీతం పోయింది. ఇక అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు. మళ్ళీ పాటకు పెట్టండి అనాలి నేను. ఎలీషా కారు ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"ఇలా తే. పట్టుకెళ్తాను," అన్నాను.

చప్పట్లు రాలేదు. "అలగేనా... సరే మరి," అని కారు నా చేతుల్లో పెట్టి, ఎలీషా గుమ్మడికాయ ఎత్తాడు.

పాట నడుస్తుండగానే జనం వంతులవారీగా బయట బంతిలో కూర్చుని తినేసి వస్తున్నారు. చర్చి వెనక బోరింగు దగ్గర ఏసమ్మక్క విందుకు వండిన డేగిసాలు తోముతోంది. కారు ఆమె ముందు గట్టు మీద పెట్టాను. "అక్కా, ఇది నీకే. నీకోసమే పాడాను."

ఆమె కారును చూసింది, నన్ను చూసింది, బూడిద చేతులు అలాగే గాల్లో పెట్టుకుని ఉండిపోయింది. "నాకేటి బాబూ అంతది?" అంది.

"ఇంట్లో పెట్టుకో. నేనప్పుడప్పుడూ వచ్చి..."

"ఇల్లేటి బాబూ! కాళీ సేసీసినాం. రేపు సీపురుపల్లిల రైలెక్కీడమే. కూతురూ అల్లుడూ హైదరాబాదుల వాచ్‌మన్ పనికి కుదిరినారు. ఒక్కదానివీ ఇక్కడేటి సేస్తావని నన్నూ రమ్మన్నారు." ఆమె చేతులు కడుక్కుని చీరకు తుడుచుకుంది. "అందుకే పాడినాను బాబూ. నా ఎంట ఏదోటి పట్టుకెల్దామని. మా ఇంటోడిది ఒక్క పోటో నేదు."

"ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ వెళ్ళాడు కదక్కా. ఏదో ఒక ఆల్బములో..."

"ఏ పోటోల సూసినా కారు పడతాది గాని, డ్రైవరు పడతాడేటి?"

నెలల తరబడి ఆ ఫోటోలు పెద్దవి చేసి చూసినవాణ్ణి నేను. గ్రిల్లులో ఎన్ని గీతలున్నాయో చెప్పగలను. దాలయ్య ఎక్కడైనా ఉన్నాడా అని ఒక్కసారీ వెతకలేదు. కారును అంత ముచ్చటగా చేశాను, నడిపే సీటు ఖాళీగా వదిలేశాను.

ఏసమ్మక్క బంపరు చూడలేదు, నీలపు అద్దాలు చూడలేదు. కిటికీలోంచి చూపుడువేలు పెట్టి స్టీరింగును తాకింది. అది కొంచెం తిరిగితే వేలు తీసేసింది. తరవాత భుజం మీది తువ్వాలు దులిపి, కారును అందులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చంకకు ఎత్తుకుంది. అది చూసి సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది. ఆ కారు మీద అసూయ కూడా కలిగింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను.

"హైదరాబాదులో ఎక్కడక్కా?" అన్నాను.

"నాకేటి తెల్సు బాబూ. పెద్ద మేడంట. అల్లుడికి తెల్సు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నువ్వు తిన్నావా? బేగి ఎల్లు, ఆకరి బంతి లేసిపోతాది."

నేను వెళ్ళేసరికి బంతి లేచిపోయింది. మిగిలిన అన్నం ఒక ఆకులో పెట్టించుకుని, ఖాళీ బల్ల దగ్గర కూర్చుని తిన్నాను.

ఇప్పుడు నా కారొకటి ఒకరింట్లో ఉంది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పాలని ఉంది. ఎక్కడ అంటే మాత్రం హైదరాబాదు అంటాను, అంతకు మించి తెలియదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.