నలుగురి కోటు

నా కూతురు అల్మాస్‌కు నా మాట మీద నమ్మకం పోయింది. దానికి కారణం ఒక కోటు.

ఆ కోటు నాది కాదు. షార్జా అల్ నహ్దాలో రమీజ్ నడిపే ఫోటో స్టూడియోది. రమీజ్ హైదరాబాదు మనిషి, వీసాలకూ లేబర్ కార్డులకూ ఫోటోలు తీస్తాడు. తెల్లగోడ ముందు కూర్చోబెట్టి, గడ్డం దించమనీ, రెండు చెవులూ కనబడాలనీ రోజుకు వందసార్లు చెప్తాడు. ఎదురుగోడకు ఒక పరదా ఉంటుంది. దాని మీద సముద్రం, పెద్ద హోటలు, ఎర్ర కారు. ఇంటికి ఫోటో పంపాలనుకున్నవాళ్ళు స్టూడియో నల్లకోటు తొడుక్కుని, ముందే ముడేసి ఉన్న టై తగిలించుకుని ఆ కారు పక్కన నిలబడతారు. కోటు వదులైతే వీపు వెనక బట్టల క్లిప్పులు పెడతాడు. నేనూ అలాగే నిలబడి, ఆ ఫోటోను సూళ్ళూరుపేటలో మా ఇంటికి పంపాను. మా ఆఫీసు బయట తీసిందని రాశాను. కారు ఆఫీసువాళ్ళు ఇచ్చిందని కూడా రాశాను.

నేను చేసేది డ్రైవరు పని. కారవాన్లు అద్దెకిచ్చే యార్డు ఒకటుంది, అక్కడ. ముందు స్టీరింగు, వెనక చిన్న ఇల్లు: మంచం, గ్యాసుపొయ్యి, ఫ్రిజ్, షవరు, కక్కూసు. చలికాలంలో అరబ్బులు వాటిని సముద్రం ఒడ్డుకో ఎడారిలోకో తెప్పించుకుంటారు. తోలేది నేను, తిరిగొచ్చాక కడిగేది నేను, కక్కూసు ట్యాంకు ఖాళీ చేసేదీ నేనే. ఇంట్లో మాత్రం పదకొండేళ్ళుగా నేను సూపర్‌వైజర్ని.

పోయిన ఏడాది అల్మాస్ నాయుడుపేటలో ఒక పెళ్ళికి పోయింది. అక్కడ గోడ మీద అదే కోటు, అదే కారు. లోపల మనిషి మాత్రం వేరే. కోటు మూడో గుండీ ఎర్రదారంతో కుట్టి ఉంటుంది, దాన్ని బట్టి పట్టేసింది. ఆ తర్వాత తడలో ఒకటి, మా వీధిలోనే ఇంకొకటి చూసింది.

"నాయనా, నీ కోటు మనవైపు నలుగురికుంది," అంది ఫోనులో.

పోట్లాడి ఉంటే బాగుండేది. పదో తరగతి పిల్ల, పోట్లాడలేదు. అప్పట్నుంచి ఏం చెప్పినా "సరేలే నాయనా" అంటుంది. ఇక్కడ చలిగా ఉందమ్మా అంటే, సరేలే. పని ఎక్కువగా ఉందమ్మా అంటే, సరేలే. మొన్న డిసెంబరులో మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు ఇక్కడికీ వస్తాయమ్మా అన్నాను. అల్మాస్ చిన్నప్పుడు నేను సెలవు మీద వెళ్ళినప్పుడల్లా దాన్ని భుజాల మీద ఎక్కించుకుని శ్రీహరికోట రోడ్డు మీదికి తీసుకెళ్ళి వాటిని చూపించేవాణ్ణి. ఎరుపు, ఎరుపు అని నా తల మీద దరువేసేది. అందుకని చెప్పాను.

"సరేలే నాయనా. అది కూడా పరదానేనా?" అంది.

ఫ్లెమింగోలతో నేనున్న ఫోటో దానికి పంపి తీరాలి అనుకున్నాను. నేను చెప్పినవాటిల్లో చూపించగలిగే నిజం అదొక్కటే, అది కూడా అబద్ధమై కూర్చుంటే ఇక తండ్రిగా నేను మిగిలేదేముంది.

జనవరిలో దారి దొరికింది. ఉత్తరాన ఈ దేశపు కొసలో షామ్ అనే ఊరుంది, అది దాటితే కొండలూ ఒమాన్ సరిహద్దూ. అక్కడ సముద్రం ఒడ్డున టెంట్లు వేసుకున్న ఒక కుటుంబం శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు వేళకు కారవాన్ కావాలంది. దారిలో రాసల్ఖైమా దాటాక రామ్స్ దగ్గర సముద్రపు పాయలో ఫ్లెమింగోలు దిగుతాయని నాకు తెలుసు. కోటు పాపం రమీజ్‌ది కూడా కాబట్టి, ఫోటో తియ్యడానికి అతన్నే రమ్మన్నాను. అతనూ ఎగిరి గంతేశాడు. తొమ్మిదేళ్ళుగా మనుషుల చెవులు చూసి విసిగిపోయాడట, అడవి జంతువుల ఫోటోలు తియ్యాలని ఎప్పట్నుంచో ఉందట.

పొద్దున ఏడింటికి స్టూడియో ముందు బండి ఆపాను. రమీజ్ కెమెరా సంచితో, మూడుకాళ్ళ స్టాండుతో ఎక్కాడు. రెండో చేతిలో హ్యాంగరు, దానికి నల్లకోటు.

"అదెందుకు తెచ్చావురా?" అన్నాను.

"ఫోటో అంటే కోటు ఉండాలె గద భాయ్."

"నీ కోటు వల్లనే గదరా నా కొంప మునిగింది."

"మునిగింది పరదా వల్ల. కోటేం జేసింది పాపం?" అని దాన్ని బండి అల్మారాలో తగిలించి, తలుపు మెల్లగా వేశాడు.

ఉమ్మల్ కువైన్ దాటేవరకూ ముందు సీట్లో బుద్ధిగానే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆగలేదు. వెనక్కి పోయి మంచం మీద పడుకుని చూశాడు, ఫ్రిజ్ తెరిచాడు, కక్కూసులో నీళ్ళు వదిలి చూశాడు. కడిగేవాడికి తెలుస్తుంది బాధ. చివరికి పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాడు.

"బండి నడిచేటప్పుడు పొయ్యి ముట్టించగూడదబ్బా, యార్డు నడిపే ముదీర్‌కు తెలిస్తే నా పని ఖలాస్."

"ముదీర్ ఇంట్ల పండుకున్నడు. నువ్వు సీదా నడుపు."

సీదాగానే నడిపాను. రౌండబౌట్ సీదాగా ఉండదు కదా. అల్మారా తలుపు తెరుచుకుని కోటు వచ్చి రమీజ్ నెత్తిన పడింది, చక్కెర డబ్బా నేలంతా పరుచుకుంది. పక్కకు ఆపి ఇద్దరం చీపురు పట్టుకున్నాం. చాయ్ మాత్రం బాగుంది, ఆ మాట అతనికి చెప్పలేదు.

దారి పొడుగునా ఏది కనబడినా ఆపమన్నాడు. ఒంటెలు రోడ్డు దాటుతుంటే దిగి, వాటి ముందు వంగి నిలబడ్డాడు.

"ఇది ముఖం తిప్పుతలేదు భాయ్. ఒక్క చెవే కనబడుతుంది."

"దానికి వీసా తీస్తుండావా ఏంది? ఫోటో కొట్టు, పోదాం."

దీపస్తంభం మీద చేపను చీలుస్తున్న డేగను గడ్డం దించమన్నాడు. మేకలను వరసగా నిలబెట్టాలని చూశాడు. కెమెరాలో వేసేది రీలు, తెచ్చినవి రెండే. రాసల్ఖైమా చేరేసరికి ఒకటి ఒంటెలకూ కాకులకూ అయిపోయింది. రెండోదాని మీద చెయ్యి వేస్తే విరిచేస్తానన్నాను. కాసేపు అలిగి, మళ్ళీ తనే పాట అందుకున్నాడు.

రామ్స్‌లో మధ్యాహ్నం జుమా నమాజు చదువుకుని పాయ ఒడ్డుకు బండి పోనిచ్చాను. నీళ్ళు వెనక్కి తగ్గి బురద తేలింది. ఒకవైపు బూడిదరంగు కొండలు, ఒకవైపు మడచెట్లు, మధ్యలో పలచటి నీళ్ళు. ఆ నీళ్ళలో రెండు వందలకు తక్కువ లేవు, తలలు ముంచి నింపాదిగా మేస్తున్నాయి. నేను తలుపు తెరిచి మెట్టు మీదే నిలబడిపోయాను. భుజాల మీద పిల్ల బరువు తెలిసినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం దేనికి.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాను. వాటిని బెదరగొట్టకుండా దగ్గరికి పోవడం నాకు తెలుసు. మా పులికాట్ చెరువులో భుజాన వల వేసుకుని పోయే జాలర్లను చూసి అవి లేవవు. జాలర్లు వాటివైపు చూడరు, నేరుగా వాటిమీదికీ పోరు. తమ పనికి తాము పోతున్నట్టు అడ్డంగా, నిదానంగా నడుస్తారు. రమీజ్‌కు ఇదంతా చెప్పి, నువ్వు ఒడ్డునే ఉండి తియ్యి, చాలు అన్నాను.

"సరే. మరి కోటు?"

"వొద్దన్నానా."

"భాయ్, బిడ్డకు పంపే ఫోటో. చెమట చొక్కాల పంపుతవా? ఇప్పుడు వెనకాల పరదా లేదు, అసలుదే ఉంది. ఇప్పుడు కోటు ఏసుకుంటే తప్పేంది?"

తొడుక్కోకుండా ఉండాల్సింది. కానీ నా కూతురు నన్ను పెద్దమనిషిలా ఒక్కసారి చూడాలన్న ఆశ ఇంకా చావలేదు నాకు. తొడుక్కున్నాను. టై కూడా తగిలించాడు. పైన సూటు, కింద మడిచిన ప్యాంటు, బురద కాళ్ళు. కాళ్ళు ఫోటోలోకి రావన్నాడు.

ఎటో చూస్తున్నట్టు అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళాను. పక్షులు కొంచెం జరిగాయి గాని లేవలేదు. వాటి గొంతులు వినబడేంత దగ్గరికి వెళ్ళి ఒడ్డువైపు తిరిగాను. గడ్డం దించమన్నాడు, దించాను. మూడు తీశాడు. అక్కడితో ఖలాస్, తిరిగొచ్చేయాలి. కానీ రమీజ్‌కు తన సొంత ఫోటో కావాలి గదా. కెమెరా పైకెత్తి పట్టుకుని, వరసగా మీట నొక్కుకుంటూ, నా పక్క నుంచే నేరుగా పక్షుల మీదికి టపటపా నీళ్ళు చిమ్ముతూ పోయాడు.

"నేరుగా పోబాకరా," అన్నాను. వినలేదు. వెంటపడ్డాను. మూడు అడుగులు వేశానో లేదో, కుడికాలు తొడదాకా దిగబడింది. ఎడమకాలు దాని వెనకే పోయింది. నడుము దాకా బురదలో కూర్చున్నాను.

రెండు వందల పక్షులూ ఒక్కసారి నీళ్ళ మీద పరుగెత్తి లేచాయి. రెక్కల కింది ఎరుపంతా బయటపడింది. అవి ఒక చుట్టు తిరిగి మా తలల మీదుగానే వచ్చాయి. నేను పైకి చూడలేదు, రమీజ్‌ను తిట్టే పనిలో ఉన్నాను. మా వైపు పొలాల్లో నీళ్ళ మడవల దగ్గర వినబడే తిట్లన్నీ ఏళ్ళ తర్వాత నోటికొచ్చాయి. అతను నావైపు తిరిగి ఒకటే కేక, "కోటు, భాయ్, కోటు," అని. కంగారులో వేలు మీటమీద పడి కెమెరా రెండుసార్లు టిక్కుమంది. రీలు కూడా అయిపోయింది.

కోటు బతకలేదు. కారవాన్ షవరు కింద దాన్ని ఎంత ఉతికినా బురద రాలేదు గాని, లైనింగు ఊడి చేతికొచ్చింది. రమీజ్ మొహం చూస్తే కోపం చల్లారిపోయింది. షామ్ చేరేసరికి అసర్ దాటింది. బండి నేల మీద ఇంకా చక్కెర, షవరులో బురద. ఇంటి పెద్దాయన లోపలికి తొంగి చూసి, తడి బట్టల్లో ఉన్న మా ఇద్దర్నీ చూసి కడుపుబ్బ నవ్వాడు. ఖర్జూరాలు, గహ్వా కాఫీ ఇచ్చి, చీపురు కూడా ఇచ్చాడు.

బండి వాళ్ళకు వదిలి రాత్రి బస్సులో షార్జా చేరాం. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి స్టూడియోకు పోయాను. రమీజ్ మొదటి ఫోటో కౌంటరు మీద పెట్టాడు. ఎంత బాగా వచ్చిందని. నీలం ఆకాశం, వరసగా ఫ్లెమింగోలు, ముందు కోటులో నేను, రెండు చెవులూ కనబడుతూ. వీసా ఫోటోకు వచ్చి కూర్చున్న పెద్దిరాజు అనే రాజమండ్రి కుర్రవాడు మెడ చాచి చూశాడు.

"ఈ పరదా కొత్తదాండీ? నాక్కూడా దీని ముందే ఒకటి తీసిపెట్టండి, ఇంటికి పంపుకుంటాను," అన్నాడు.

వాడి తప్పేముంది. నాకే పరదాలా కనబడుతోంది. రమీజ్ కవరులోంచి ఆఖరి ఫోటో తీసి పక్కన పెట్టాడు.

అది వంకరగా ఉంది. పైన సగం తెగిన రెక్కలు, ఎర్రటి పొడుగు కాళ్ళు. కింద బురదలో నేను. నోరు ఇంతకు తెరిచి, చెయ్యెత్తి తిడుతున్నాను. టై చెవి మీదికి పోయింది. నా వెనక ఒడ్డున కారవాన్, దాని మీద యార్డు పేరు, చక్రం పక్కన ట్యాంకు ఖాళీ చేసే గొట్టమూ నా బకెట్టూ. ఇంత పాడు ఫోటో నా జన్మలో దిగలేదు. ఇది పంపితే సూపర్‌వైజరు చచ్చిపోతాడు. రెండింటినీ చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత పెన్ను అడిగాను.

వెనక ఇలా రాశాను. "అమ్మా అల్మాస్, వెనకున్న బండిని నేను తోలతాను. దాన్ని కడిగేది, కక్కూసు ట్యాంకు ఖాళీ చేసేదీ నేనే. ఆఫీసు లేదు, కారు లేదు. కోటు రమీజ్‌ది. పక్షులు మాత్రం నిజమేనమ్మా."

మా వీధి హయాత్ బాషా ఆ వారమే సెలవు మీద ఊరికి పోతుంటే కవరు అతని చేతికిచ్చాను. అతను ఊరు చేరాక వచ్చిన శుక్రవారం ఫోను చేశాను. నా భార్య రహమత్‌బీ ఎత్తి, ఫోను పిల్లకిచ్చింది.

"నాయనా, ఎవర్ని తిడుతుండావు అందులో?"

"ఫోటో తీసేవాణ్ణి."

"ఏమని?"

"అది నీకు చెప్పేది కాదులే."

నవ్వింది. ఏడాదైంది ఆ నవ్వు విని.

"ఫ్రేములోంచి కోటు ఫోటో తీసేసి ఇది పెట్టినాను," అంది.

"ఆ బురద ఫోటోనా? ఇంటికొచ్చినోళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"ఏమన్నా అనుకోనీ. ఈ ఫోటో మనవైపు ఇంకెవరింట్లోనూ లేదు."

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, ఇక్కడ చలి పెరిగిందమ్మా అన్నాను.

"స్వెట్టర్ వేసుకో నాయనా," అంది.