తలకిందుల తెరచాప

ఐదో కొక్కేన్ని స్తంభం నుంచి పడవ ముక్కుకు దిగే ఉక్కుతీగకు తగిలించి, ఆరోదాని కోసం చాప మడతల్లో వెతుకుతున్నాడు తాళ్ళాయన. ముప్పై ఏళ్ళుగా ఆ రేవులోని చిన్న పడవలన్నిటికీ తెరచాపలు బిగించేది ఆయనే. అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. పడవకు రెండు చాపలుంటాయి. స్తంభానికి వెనక పెద్దది, ముందు ఈ ముక్కోణపుది. ముందుది కుదరకపోతే ఎంత మంచి పడవైనా పీతలాగా పక్కకు నడుస్తుంది. దాన్ని కుదర్చడంలోనే ఆయన బతుకు గడిచిపోయింది. వేళ్ళ మీది చర్మం చెప్పుతోలంత మందమైంది.

పడవ పళ్ళ డాక్టరుది. ఎల్లుండి పందెం.

"ఒక్క చుట్టు తిరిగొద్దాం. చాప ఎలా లాగుతోందో చూసి వచ్చేద్దాం" అన్నాడు డాక్టరు.

తాళ్ళాయన ఆకాశం వైపు చూశాడు. ఈ రోజుల్లో పొద్దుటి గాలిని పదింటి దాకా నమ్మొచ్చు. ఎనిమిదిన్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నరకు గట్టెక్కొచ్చు. ఇంట్లో భార్య మూడు రోజులుగా నీళ్ళు కూడా మింగడం లేదు. ఇంటికి తీసుకెళ్ళండని ఆసుపత్రివాళ్ళు ఎందుకన్నారో ఆయనకు తెలియక కాదు. పొద్దున ఆమె చెయ్యి పట్టుకుని, "పదింటికల్లా వచ్చేస్తా" అన్నాడు.

"మీరొచ్చేదాకా ఉంటాలెండి" అంది ఆమె.

"వెళ్ళిరా బాబూ, నేనున్నాగా" అంది వదిన, ఆమె అక్క.

అలాంటప్పుడు అసలెందుకొచ్చాడు? డాక్టరుకు వారం కిందట మాటిచ్చాడు గనక. కుదరదు అనడం ఆ మనిషికి చేతకాదు. చచ్చినా చేతకాదు.

పన్నెండు కొక్కేలూ తగిలించి, తాడు లాగాడు. చాప బరబరా పైకెళ్ళింది. డాక్టరు పకపకా నవ్వాడు. సన్నటి మూల కిందా, వెడల్పాటి మూల పైనా! చాప తలకిందులుగా ఎగిరింది. నిన్నగాక మొన్న పడవెక్కినవాళ్ళు చేసే తప్పు అది.

"ఏంటి తాళ్ళాయనా, రాత్రి గట్టిగా పుచ్చుకున్నారా?"

"లేదండీ. ఇంట్లో మనిషికి బాగోలేదు. ఆ ధ్యాసలో..."

"అయ్యో, జ్వరమా? రెండ్రోజుల్లో అదే తగ్గిపోతుందిలెండి."

అప్పుడే వెళ్ళిపోయి ఉండాల్సింది. కానీ సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ పనితనం, రేవంతా చూస్తుండగా తలకిందులుగా వేలాడింది. ఇప్పుడు వెళ్తానంటే ఇల్లు ఒక సాకు అనుకుంటారు. చాప దించాడు. కొక్కేలన్నీ ఊడదీశాడు. ఒకటి మెలిపడి వంగిపోతే శ్రావణంతో సరిచేశాడు. మళ్ళీ మొదటినుంచి తగిలించేసరికి తొమ్మిదిన్నర దాటింది. గాలి పోయేలోపు ఒక చిన్న చుట్టు తిరిగొచ్చేయొచ్చు అనుకున్నాడు. తడుస్తుందని ఫోను షెడ్డులో పెట్టాడు. బరువెందుకని డాక్టరు తెడ్డు కూడా గట్టునే వదిలేయించాడు.

నీళ్ళ మీదికెళ్ళాక పని బాగానే సాగింది. చాపకు రెండు వైపులా కుట్టిన ఉన్నిపోగులే ఆయనకు కళ్ళు. లోపలి పోగు ఎగిరితే తాడు బిగించాలి, అవతలి పోగు అల్లాడితే వదలాలి. పైపోగులు తొందరపడి ఎగురుతున్నాయని, తాడు నడిచే కప్పీని దాని పట్టీ మీద ఒక రంధ్రం ముందుకు జరిపాడు. అంతే, పోగులన్నీ వెనక్కి వాలి, దువ్విన జుట్టులాగా నిలిచాయి. పడవ తిన్నగా దూసుకుపోయింది.

"శభాష్!" అని అరిచాడు డాక్టరు.

ఆ పది నిమిషాలూ ఆయనకు ఇల్లు గుర్తు రాలేదు.

ఆ తర్వాత పోగులు ఒక్కొక్కటే కిందికి వేలాడాయి. చాప ముడుచుకుంది. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా అయిపోయాయి. గాలి తన వేళకు తాను వెళ్ళిపోయింది. గట్టు మీద తన వీధి డాబాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. ఈదడానికి దూరం, చూడటానికి దగ్గర. తాళ్ళాయన బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోయడం మొదలుపెట్టాడు.

"ఊరికే శ్రమ పడకండి. వచ్చినప్పుడే వస్తుంది" అని, డాక్టరు పడవ మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎవరో పేషెంటు జ్ఞానదంతం గురించి చాలాసేపు చెప్పాడు.

తాళ్ళాయన చేతులు ఆపలేదు. భుజాలు పట్టేశాయి. పడవ మాత్రం ఉన్నచోటే ఉంది. 'ఉంటానందిగా, ఉంటుంది' అనుకున్నాడు. దేవుణ్ణి తిట్టాడు, తనను తాను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాడు.

ఒంటిగంటకు సముద్రపు గాలి లేచింది. ముందు తెరచాప చక్కగా నిండింది. సరిచేయాల్సిందేమీ లేదు.

రేవు నుంచి ఇంటిదాకా పరిగెత్తాడు. ఈ వయసులో పరిగెత్తుతుంటే వీధిలోవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. వాళ్ళకు అప్పటికే తెలుసు. వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"పన్నెండుకి, బాబూ" అంది. "పదింటికి అడిగింది, వచ్చారా అని. దారిలో ఉన్నాడన్నాను. పదకొండుకి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగలేదు. ఫోను చేస్తే నువ్వు ఎత్తలేదు."

తాళ్ళాయన గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు గానీ, తన చేతులు ఇంకా తడిగా, చల్లగా ఉన్నాయని ఆగిపోయాడు. అలాగే నిలబడి ఏడ్చాడు. మంచాన్ని ఆనుకుని ఒక కుర్చీ ఉంది. ఆయన రాగానే కూర్చోవాలని, పదింటికి ముందే ఆమె అక్కచేత దగ్గరికి జరిపించుకున్న కుర్చీ.