రెండు నయాపైసల తుపాకీ

"ఇది నా తుపాకీ కాదు," అన్నాడు సాలిం హాజీ.

దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఆ చిన్న వడ్రంగి వర్క్‌షాపులో రంపం మెషీన్ ఆగిపోయింది. ఆపింది పనిలో తోడుండే హన్మంతు. తుపాకీని ముసలాయన చేతుల్లో పెట్టి, వడ్రంగి నన్నే సాహెబ్ మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. హాజీ అన్నది హిందీలోనే. బొంబాయి పడవల్లో తిరిగిన తరం వాళ్లకి ఆ భాష బాగా వచ్చు.

హాజీకి డెబ్బై దాటాయి. చూపు దాదాపు పోయింది. వయసులో ఉన్నప్పుడు షార్జాలో బ్రిటిష్ వాళ్లు నడిపిన స్కౌట్ల దళంలో సిపాయి. ఆయన మొదటిసారి కవాతు నేర్చుకున్న తుపాకీ కోసం కొడుకు ఖల్ఫాన్ నాలుగేళ్లు వెతికాడు. ఆనవాలు ఒక్కటే. పిడికి స్క్రూతో బిగించిన ఇత్తడి బిళ్ళ, దాని మీద 41. ఆ అంకె తండ్రి నోట వినని రోజు లేదు. చివరికి 2005 వేసవిలో ఒక పాతసామాన్ల గోదాములో దొరికింది. కాల్చడానికి పనికిరాని శిక్షణ తుపాకీ. గొట్టానికి అడ్డంగా బెజ్జం, తూటాల పెట్టెలో స్ప్రింగు కూడా లేదు. ఖల్ఫాన్ పోలీసు అనుమతి కాగితంతో సహా తెచ్చి, నాన్నకి చెప్పకుండా బాగుచెయ్యమని నన్నే సాహెబ్‌కి అప్పగించాడు.

మూడు వారాలు పట్టింది. నన్నే సాహెబ్‌ది నెల్లూరు జిల్లా ఉదయగిరి. చెక్క గరిటెలు చెక్కే కుటుంబం. గరుకు కాగితం తాకించకుండా, పాత గుర్తులు చెరిగిపోకుండా, కర్రకి అవిసె నూనె అరచేత్తో పట్టించాడు. ఇత్తడిని చింతపండుతో తోమాడు. పగుళ్లు పూడ్చి, వదులైన ప్రతి స్క్రూ బిగించాడు.

అంత చేస్తే, హాజీ తుపాకీని ఛాతీ ముందు నిలబెట్టి, కర్రని అరచేత్తో ఒక్కసారి చరిచి, తల అడ్డంగా ఊపాడు.

"దీనికి గొంతు లేదు. నాది ఇలా మూగది కాదు."

ఖల్ఫాన్ ముఖం మారిపోయింది. "నలభై ఒకటి బిళ్ళ ఉంది కదా, బాబా."

"బిళ్ళదేముంది, ఒక్క స్క్రూ. ఏ తుపాకీకైనా బిగించొచ్చు."

ఆ మాటతో ఖల్ఫాన్ చూపు నన్నే సాహెబ్ మీదికి తిరిగింది. "అసలుది అమ్మేసి, బిళ్ళ దీనికి తగిలించావా? రేపు సాయంత్రం అసర్ నమాజు లోపల మా నాన్న తుపాకీ ఇక్కడ ఉండాలి. లేకపోతే స్టేషన్‌కి పోదాం."

తండ్రిని చెయ్యి పట్టుకుని కారెక్కించుకు పోయాడు.

హన్మంతు స్టూలు మీద కూలబడ్డాడు. "ఇగ ఖలాస్, భాయ్. తుపాకీ కేసు అంటే జైలే. తర్వాత ఇంటికి ఫ్లయిటు."

"నేను దొంగని కాదప్పా."

"నాకు ఎర్కే. పోలీసోళ్లకు ఎర్కనా?"

నన్నే సాహెబ్ తుపాకీ తీసుకున్నాడు. హాజీ చేసినట్టే ఛాతీ ముందు నిలబెట్టి చరిచాడు. చప్పగా, తడిగోడని కొట్టినట్టు వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది కావలి.

ఇరవై ఏడేళ్ల కిందట కావలి కాలేజీ గ్రౌండులో ఇలాంటి తుపాకీతోనే ఎన్‌సీసీ కవాతు. ఉదయం ఆరున్నరకే ఎండ చుర్రుమనేది. ఖాకీ నిక్కరు గంజికి తొడలు ఒరుసుకుపోయేవి. హవల్దార్ ఉస్తాద్ తుపాకీ వందనానికి 'సలామీ శస్త్ర్' అని అరిస్తే నలభై అరచేతులు ఒకేసారి కర్ర మీద పడాలి. ఆ చప్పుడు రైల్వేగేటు దాకా వినపడాలని కుర్రాళ్ల పట్టుదల. అందుకని ఉస్తాద్ చూడకుండా స్క్రూలు అరచుట్టు వదులు చేసేవాళ్లు. చరిస్తే తుపాకీ ఝణ్ మనేది. ఉస్తాద్‌కి అంతా తెలుసు. పోటీలున్న వారం మాత్రం ఆయనకి తనిఖీ గుర్తుండేది కాదు.

తనే వదులు చేసినవాడు. తనే ఇప్పుడు బుద్ధిగా బిగించాడు.

గబగబా స్క్రూలు వదులు చేసి మళ్లీ చరిచాడు. కర్ర కాస్త కదిలింది గానీ గొంతు రాలేదు. ఖల్ఫాన్ దీన్ని దుప్పట్లోంచి బల్ల మీదికి దించినప్పుడు వినిపించినది ఇది కాదు. అప్పుడు లోపలేదో గలగలమంది.

"హన్మంతూ, తూటాల పెట్టె విప్పిననాడు లోపల్నించి రెండు బిళ్లలు రాలాయి, మతికుందా? జిడ్డుపట్టి నల్లగా ఉన్నాయి. ఎవరో పిల్లలు దూర్చిన చెత్తనుకుని కింద పారేశా."

"పైసలు గవి. ఊడ్సి పొట్టు బస్తాల ఏసిన. బస్తాలు పొద్దున్నే గుర్రాల షెడ్డుకు పోయినయ్."

మర్నాడు తెల్లవారగానే పికప్‌లో గుర్రాలశాలకి వెళ్లారు. అప్పటికే ఆరు బస్తాల్లో నాలుగు గుర్రాల కింద పరిచేశారు. కాపలా పఠాన్ వీళ్ల కథ విని పగలబడి నవ్వి, సిమెంటు పనికి తెచ్చుకున్న ఇసుక జల్లెడ ఇచ్చాడు. మొదట మిగిలిన బస్తాలు రెండూ జల్లించారు. మేకులు, పెన్సిలు ముక్కలు తప్ప ఏమీ లేవు.

"గుర్రం పెంట జల్లెడ పట్టనీకి దుబాయ్ ఒస్తినని గౌరవ్వకు చెప్తే మూడు దినాలు నవ్వుతది," అన్నాడు హన్మంతు, భార్యని తలుచుకుని.

మధ్యాహ్నం దాటాక, ఆరో గుర్రం కింద పొట్టులో ఒకటి దొరికింది. నన్నే సాహెబ్ లుంగీ చెంగుతో రుద్దాడు. ఒక నయాపైసా. ఎవరో సుత్తితో కొట్టినట్టు మధ్యలో వంగి ఉంది. రెండోది దొరకలేదు. అసర్‌కి గంట మాత్రమే ఉంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి షాపు ముందు ఖల్ఫాన్ కారు ఉంది. నన్నే సాహెబ్ ఒంటినిండా పొట్టుతో, గుర్రపు వాసనతో లోపలికెళ్లి, కొడుకుని వదిలేసి తండ్రి ముందు నిలబడ్డాడు. పిడికిలి మూసే ఉంది.

"హాజీ సాబ్, ఒక్క మాట. గొంతు రావడానికి తూటాల పెట్టెలో మీరేం వేశారు?"

హాజీ గడ్డం కింద నవ్వు కదిలింది.

"అది సార్జెంటుకి కూడా తెలియదు. నీకెవరు చెప్పారు?"

"నేనూ కవాతు చేసినవాణ్నే. మేం స్క్రూలు వదులు చేసేవాళ్లం."

"స్క్రూలా? అది బద్ధకస్తుల పని. నేను రెండు పైసలు వేశాను. అప్పుడిక్కడ మీ హిందూస్తాన్ డబ్బే నడిచేది. ఒకదానికొకటి అతుక్కోకుండా ఒకదాన్ని సుత్తితో వంచాను."

నన్నే సాహెబ్ పిడికిలి తెరిచి, ఆయన చూపుడువేలుని పైసా మీద పెట్టాడు. వేలు వంపు దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"రెండోది?" అని అడిగాడు హాజీ.

"పారేసింది నేనే. మన్నించండి. గుర్రాల కింద ఎక్కడో ఉంది."

ఖల్ఫాన్ తల దించుకున్నాడు. జేబులోంచి పాతిక ఫిల్సుల నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. నన్నే సాహెబ్ రెండింటినీ తూటాల పెట్టెలో వేసి మూశాడు. హాజీ చరిచాడు. ఝణ్ మంది.

"కొంచెం కీచుగా ఉంది," అన్నాడు. "కానీ నాదే." తుపాకీని నన్నే సాహెబ్ వైపు చాచాడు. "మీ ఉస్తాద్ ఏం నేర్పాడో వింటాను."

నన్నే సాహెబ్ లుంగీ దించుకుని మడమలు కలిపాడు. నలభై నాలుగేళ్ల నడుము ఒక్క క్షణం మొరాయించి నిటారైంది. ఒకటి, రెండు, మూడు. అరచెయ్యి కర్ర మీద పడింది.

"భుజం వంగింది, మళ్లీ," అన్నాడు హాజీ.

ఖల్ఫాన్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హన్మంతు రంపం మెషీన్ దగ్గరికి పోలేదు. నన్నే సాహెబ్ మళ్లీ చేశాడు. అరచెయ్యి ఎర్రగా కంది, కావలి గ్రౌండులో మండినట్టే మండింది.